గరిటె కాడ

"చిట్టీ, చెయ్యి!"

షెడ్డులో ఏ మూలనుంచి ఈ కేక వినపడినా ఆమె తన పని వదిలి లేవాల్సిందే. రమ్మని అనరు, కాస్త సాయం పట్టమని అనరు. పక్కింటి గోడ మీదుగా నిచ్చెన అడిగినట్టు చెయ్యి అడుగుతారు. ఆమె వెళ్ళి చెయ్యి ఇచ్చి, పని కాగానే దాన్ని తుడుచుకుని వెనక్కి తెచ్చుకునేది.

అక్కడ బాగుచేసేవి బట్టలుతికే యంత్రాలు. ఇళ్ళలో మూలన ఒదిగి ఉండేవి కావు. ఆసుపత్రి దుప్పట్లనూ హోటలు తువ్వాళ్ళనూ గుట్టలుగా మింగే పెద్దవి. వాటి డ్రమ్ములో ఒక మనిషి కాళ్ళు ముడుచుకుని కూర్చోవచ్చు. పాతబడి వచ్చినవాటిని చివరి స్క్రూ దాకా విప్పి, అరిగిన భాగాలు మార్చి, మళ్ళీ కూర్చి పంపుతారు. కూర్పు అంతా సాఫీగా సాగి ఒక్క నట్టు దగ్గర ఆగిపోతుంది. నీళ్ళ తొట్టిని బయటి చట్రానికి పట్టి ఉంచే బోల్టుల్లో వెనక కింది మూలది బయటినుంచి వస్తుంది. దాని నట్టు మాత్రం లోపల, తొట్టికీ చట్రానికీ నడుమ ఉన్న ఇరుకులో పెట్టాలి. అక్కడికి దారి ఒక్కటే. పక్కనున్న గొట్టం రంధ్రంలోంచి నట్టుని వేళ్ళ కొసల మీద మోసుకుపోయి, చీకట్లో తడుముకుంటూ బోల్టు మొనకి ఆనించి, మర పట్టుకునేదాకా కదలకుండా నిలపాలి. మర పట్టిందంటే చాలు, నట్టు పక్కనున్న గట్టుకి ఆనుకుని ఆగుతుంది. మిగతా బిగింపు బయటినుంచి పానాతో చేసుకోవచ్చు.

తక్కినవాళ్ళ చెయ్యి ఆ రంధ్రంలో వేళ్ళ కణుపుల దాకా దూరి ఆగిపోయేది. ఆమెది మణికట్టు దాటి వెళ్ళేది. అందుకే ఆమె చిట్టిచెయ్యి అయింది, వాడుకలో చిట్టి అయింది. పుట్టినప్పుడు పెట్టిన పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు.

నట్టు జారితే ఆ షెడ్డులో ఒక నియమం ఉంది. జారవిడిచినవాళ్ళు అందరికీ వినపడేలా "జారింది!" అని అరవాలి. ఎవరి పని ఎంత తొందరలో ఉన్నా అందరూ వచ్చి యంత్రాన్ని ఒక పక్కకి ఒరగబెట్టాలి. ఎప్పుడో ఒకడు సిగ్గుపడి నోరు మూసుకుంటే, లోపల మిగిలిన నట్టు తిరిగే డ్రమ్ముని చీల్చిందట. అందుకని అక్కడ నట్టు జారడం తప్పు కాదు, అరవకపోవడమే తప్పు. ఆమె మాత్రం ఎన్నడూ అరవలేదు. అరవాల్సిన అవసరం ఆమెకి రాలేదు.

కేకలు లేనప్పుడు ఆమె చేసే పని విడిభాగాలు కడిగి, తుడిచి, రకాలవారీగా సర్దడం. కిటికీ పక్కన పనిచేసే ఫిట్టరు సొంత షెడ్డు పెట్టుకుని వెళ్ళిపోయాక ఆ చోటు ఖాళీ అయింది. ఆమె మేస్త్రి దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"మేస్త్రిగారూ, కిటికీ పక్క చోటు నాకివ్వండి."

"ఏం, అక్కడ గాలి బాగా ఆడుతుందా?"

"గాలికి కాదండీ. ఒక మిషను మొదట్నించీ చివరిదాకా నేనే కూరుస్తాను."

మేస్త్రి ఆమె మొహం చూడలేదు, చెయ్యి చూశాడు. "నీకు రాదని కాదమ్మాయ్. నువ్వు కళ్ళతో నేర్చుకున్నదెంతో నేను చూస్తూనే ఉన్నాను. కానీ నువ్వు నీ మిషన్లో తల దూర్చి కూర్చుంటే వీళ్ళు గడియకోసారి వచ్చి నిన్ను పీక్కుపోతారు. నీ మిషనూ తెమలదు, వాళ్ళదీ తెమలదు. బంగారంలాంటి చెయ్యి, దాన్ని ఒక్కచోట కట్టెయ్యమంటావా?"

"మాకు కావాల్సింది చెయ్యే కదా మేస్త్రీ! మిగతా మనిషిని కిటికీ దగ్గర కూర్చోబెట్టండి!" అన్నాడు పీపా. షెడ్డులోకెల్లా భారీ మనిషి అతను. నవ్వితే పక్కనున్న రేకులు కూడా నవ్వుతాయి. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే అడిగింది.

"ఆ నట్టు ఎవరి చేతికైనా అందేట్టు చేస్తేనో?"

"అదెట్టా?"

"ఎట్టాగో. చేస్తే?"

"చేస్తే ఆ మర్నాడే నువ్వు కిటికీ పక్కన కూర్చో. నెలాఖరు దాకా చూస్తాను. ఆ తర్వాత ఎవరో ఒకర్ని పెట్టుకోక తప్పదు నాకు."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళే బస్సులో, కిటికీ కమ్మీ మీద పెట్టిన తన చేతిని ఆమె చాలాసేపు చూసుకుంది. ఇన్నేళ్ళుగా దాన్ని ఎవరు మెచ్చుకున్నా ఎదురింటి పిల్లని మెచ్చుకుంటే విన్నట్టు ఉండేది. సంతోషమే, కాకపోతే ఆ సంతోషం ఇంట్లోకి వచ్చి కూర్చునేది కాదు. తను చేతిని మోస్తోందా, చెయ్యి తనని మోస్తోందా? ఆ నట్టు అందరికీ అందితే ఇక ఎవరు పిలుస్తారు? ఈ రెండో ప్రశ్న వచ్చినప్పుడు ఆమె దాన్ని గుమ్మంలోనే నిలబెట్టి, తర్వాత రమ్మంది. అది వెళ్ళిపోయిందనే అనుకుంది.

ఇంట్లో ఆమె, అత్తగారు. మొగుడు లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. అత్తగారు ఒకప్పుడు దర్జీ దుకాణంలో బొత్తాలు కుట్టిన మనిషి. ఇప్పుడు వేళ్ళు బిగుసుకుపోయి సూది పట్టవు. నోరు మాత్రం ఏమీ బిగుసుకుపోలేదు.

ఆమె ఇల్లు చేరేసరికి అత్తగారు పొయ్యి ముందు నిలబడి గిన్నె అడుగు గీకుతోంది. గరిటె కాడ కాస్త వంగి, మళ్ళీ నిటారుగా లేస్తోంది. పొడుగ్గా, పలచగా, చదునుగా, వంగి తిరిగి లేచే గుణంతో ఉంది. చిట్టి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అత్తయ్యా, ఆ గరిటె ఒకసారి ఇవ్వండి."

"ఇవ్వను. నువ్వు దాన్ని చూసే చూపు బాగాలేదు."

"చూసి ఇచ్చేస్తాను."

"పోయినసారి నా కత్తెర ఇట్టాగే చూశావు. అది ఇప్పటికీ రేకులు కోస్తూనే ఉంది."

మర్నాడు పొద్దున అత్తగారికి గట్టు మీద గరిటె గిన్నె ఒక్కటే దొరికింది. "తల ఇక్కడుంది, మొండెం ఏదే?" అని గుమ్మం దాకా వచ్చి అరిచింది. అప్పటికే చిట్టి కాడని సంచీలో వేసుకుని వీధి మలుపు తిరిగింది.

ఆలోచన కష్టమైంది కాదు. కాడ కొసన రంపంతో నట్టు వెడల్పుకి గాడి కోసి, ఆకురాయితో రుద్ది రుద్ది సరిచేసింది. నట్టు ఆ గాడిలో బిగువుగా కూర్చోవాలి, కానీ వెనక్కి లాగితే వదలాలి. బోల్టు నెట్టినప్పుడు నట్టు వెనక్కి పోకుండా గాడి కింద చిన్న రేకు ముక్కని రివిట్లతో బిగించింది. బోల్టు మొన పోవడానికి రేకులోనూ చీలిక పెట్టింది. మర పట్టాక కాడని వెనక్కి లాగితే నట్టు బోల్టు మీదే ఉండిపోతుంది, కాడ నోరు ఖాళీగా బయటికొస్తుంది. మధ్యాహ్నం అందరూ తింటున్నప్పుడు ఒక్కతే యంత్రం వెనక మోకాళ్ళ మీద కూర్చుని చేసి చూసింది. వేళ్ళతో చేసేదానికంటే తొందరగా అయింది. మళ్ళీ విప్పి మళ్ళీ పెట్టింది. నవ్వొచ్చింది. చీకట్లో తన వేలు ఇంకాస్త పొడుగు పెరిగినట్టుగా ఉంది.

మేస్త్రి వచ్చాడు. వెనకే అందరూ వచ్చారు.

"నేను చేస్తే ఏముంది మేస్త్రిగారూ? పీపా అన్న చెయ్యాలి" అంది.

పీపా చొక్కా చెయ్యి పైకి మడిచి, కాడ అందుకుని, దాని గాడికి నట్టు కొరికించి రంధ్రంలోకి దూర్చాడు. కాడ వెళ్ళింది, వేళ్ళు వెళ్ళాయి. కణుపుల దగ్గర ఆగి, ఇంకాస్త నెట్టాడు. లోపల టంగుమని చప్పుడైంది.

"జారింది!" అని అరిచాడు.

"ఒరగబెట్టండర్రా" అన్నాడు మేస్త్రి.

"ఆగండాగండి! నట్టు జారింది గానీ చెయ్యి జారట్లేదు!"

అతని పిడికిలి రంధ్రంలో సీసా మూతికి బిరడాలా బిగుసుకుంది. ఒకడు మోచెయ్యి పట్టి లాగాడు. ఇంకొకడు చెయ్యి అక్కడే ఉంచి మిషనుతోపాటు ఆసుపత్రికి పంపేద్దామన్నాడు, అక్కడైతే డాక్టర్లుంటారని. "నా పెళ్ళాం రెండింటినీ ఇంట్లోకి రానివ్వదురా!" అని పీపా మొత్తుకున్నాడు. చివరికి ఉతికే సబ్బునీళ్ళు డబ్బాతో తెచ్చి పోస్తే నురగ కక్కుతూ చెయ్యి ఊడివచ్చింది. ఇన్నేళ్ళలో అది ఇంత తెల్లగా ఎప్పుడూ లేదని అందరూ ఒప్పుకున్నారు.

మేస్త్రి కాడని తిప్పి చూశాడు. "పని బాగా చేశావమ్మాయ్. కానీ చెయ్యి మణికట్టు దాకా దూరితేనే కదా ఇది అందేది. అంత దూరేది నీ చెయ్యొక్కటే."

ఆమె షెడ్డు వెనక బోర్లించిన పాత డ్రమ్ము మీద కూర్చుంది. కాడ ఒళ్ళో ఉంది. గరిటె కాడ ఇంకా పొడుగుండేది. పట్టుకోడానికి వీలుగా ఉండాలని తనే కోసేసింది. ఎవరి వీలు? ఇరుకు లోతెంతో తన వేళ్ళకి తెలుసు. పీపా పిడికిలి ఎక్కడ ఆగుతుందో ఇన్నేళ్ళుగా రోజూ చూసింది. అయినా కొలిచేటప్పుడు తన చేతినే కొలిచింది. తను పనిముట్టు చెయ్యలేదు, తన చేతికి గోరు పెంచుకుంది.

ఆ రోజు బస్సులో వస్తుంటే గుమ్మంలోనే ఆపేసిన ప్రశ్న వెళ్ళిపోలేదన్నమాట. వెనక దారిన లోపలికొచ్చి, రంపం పట్టుకున్న చేతికి కొలత చెప్పింది. అందరికీ అందేది చేస్తానంటూనే, తనకి తప్ప అందనిది చేసుకుంది. మనసు కొలతలు తీసేటప్పుడు మనిషిని అడగదు కాబోలు. ఇది తెలిశాక ఏడుపు రావాలి, రాలేదు. తెర వెనక దాక్కున్న పిల్ల పాదాలు రెండూ బయటికి కనపడుతుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ పిల్ల మీద కోపమెందుకు? దాన్ని బయటికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఆమె ఒక్కతే గట్టిగా నవ్వింది. అటుగా వచ్చిన పీపా బెదిరిపోయాడు.

"ఏంటి చెల్లీ, నా చెయ్యి చూసేనా?"

"చెయ్యి ఇలా ఇవ్వన్నా" అని, జేబులోంచి దారం తీసి అతని పిడికిలి చుట్టూ తిప్పి ముడి వేసింది. "గాజులేమన్నా చేయిస్తావా?" అన్నాడు పీపా.

ఆ సాయంత్రం ఆమె అత్తగారి ఎదురుగా కూర్చుని చేతులు కట్టుకుంది.

"అత్తయ్యా, ఇంకో గరిటె ఉందా?"

"ఉంది. అది కూడా పోతే ఇక గ్లాసుతో ముంచుకుని తినాలి మనం."

"కొత్తవి కొనుక్కొస్తాను."

"గరిటె సంగతి సరే. అసలు ఏం చేస్తున్నావో నాకు చెప్పి చెయ్యి. చెప్పకుండా చేస్తే దొంగతనం, చెబితే సాయం."

చెప్పింది. అత్తగారు అంతా విని, గరిటె తెచ్చి తనే ఆమె ముందు పెట్టింది. "దీని కాడ ఇంకా పొడుగు. కానీ నేనూ చేసి చూస్తాను. అది నా షరతు."

ఈసారి చిట్టి మొదట తన చేతిని మొద్దు చేసుకుంది. గిన్నెలు తోమే రబ్బరు తొడుగు వేసుకుని, దాని మీద గుడ్డపీలికలు చుట్టి, పైన మొగుడి తోలు తొడుగు తొడిగింది. చెయ్యి పీపా చెయ్యంత అయ్యేదాకా, దారం ముడి సరిపోయేదాకా చుట్టింది. "కుస్తీకి పోతున్నావా?" అంది అత్తగారు. ఖాళీ నూనెడబ్బాకి పక్కన రంధ్రం, వెనక బోల్టు పెట్టింది. అది వాళ్ళ యంత్రం. అత్తగారు బయటినుంచి బోల్టు తిప్పుతుంటే, ఆమె ఆ ఎలుగుబంటి చేత్తో లోపల నట్టు పెట్టాలి.

అప్పుడు అర్థమైంది ఇతరుల చెయ్యి అంటే ఏమిటో. ఏదీ తెలియదు. గాడి నోరు పైకుందో పక్కకుందో తెలియదు. బోల్టు తగిలిందా గోడ తగిలిందా తెలియదు. ఇన్నేళ్ళూ పీపా, తక్కినవాళ్ళూ ఉన్న చీకటి ఇదే. ఆమెకి ఆ చీకటి ఎప్పుడూ చీకటిగా తెలియలేదు. ఆమె వేళ్ళకి అందులో కళ్ళుండేవి.

అందుకని కాడని పూర్తి పొడుగు ఉంచేసింది. చెయ్యి బయటే ఆగిపోయేట్టు రెండుచోట్ల వంచింది. గాడి నోరు ఎటు చూస్తోందో బొటనవేలికి తెలియడానికి, మొద్దు తొడుగులోంచి కూడా తగిలేట్టు పట్టు దగ్గర లోతుగా ఒక గంటు పెట్టింది. పట్టుకి పాత రబ్బరు గొట్టం ముక్క తొడిగింది. వంపు ఒకటి ఎక్కువై మళ్ళీ సరిచేసింది. రెండోది తక్కువైంది. ఆ వారమంతా పొయ్యి పక్కన ఇనుపరజను రాలుతూనే ఉంది. అత్తగారు గిన్నెల మీద మూతలు తీయడం మానేసింది.

వారం చివర అత్తగారు తన షరతు గుర్తుచేసింది. బిగుసుకుపోయిన వేళ్ళతో రబ్బరు పట్టు పట్టుకుని, కాడ లోపలికి పోనిచ్చి, నాలుక పళ్ళమధ్య పెట్టుకుని కళ్ళు మూసుకుంది. టంగుమంది.

"ఇప్పుడు అరవాలా?"

"అరవాలి."

"జారిందీ!" అని వీధంతా వినపడేలా అరిచింది. రెండోసారి ఆమె మొహం ఒక్కసారిగా మారిపోయింది. "ఆగాగు... తిప్పు... పట్టిందే! పట్టిందే పిల్లా!" కాడ బయటికి లాగి ఖాళీ నోరు చూసుకుంది. లోపలికి తొంగి నట్టు చూసుకుంది. సూదిలో దారం ఎక్కించడం మానేసి ఎన్నాళ్ళయిందో! "విప్పు. మళ్ళీ చేస్తాను" అంది. మళ్ళీ చేసింది. ఇంకోసారి అంది. పొయ్యి మీద కూర మాడిన వాసన ఇల్లంతా నిండింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

మర్నాడు షెడ్డులో పీపా యంత్రం వెనక కూర్చున్నాడు. ముందుజాగ్రత్తగా సబ్బునీళ్ళ డబ్బా ఒకడు పక్కనే పెట్టాడు. "పోరా వెధవా" అన్నాడు పీపా. నట్టు కొరికించాడు. కాడ రంధ్రంలోకి వెళ్ళింది, పిడికిలి బయటే ఆగింది. బొటనవేలు గంటు వెతుక్కుంది. బయటినుంచి మేస్త్రి బోల్టు తిప్పడం మొదలుపెట్టాడు.

అందరూ ఒక చప్పుడు కోసం చూస్తున్నారు. అది రాలేదు.

"పట్టింది" అన్నాడు పీపా మెల్లగా, తనే నమ్మనట్టు. కాడ లాగాడు. నోరు ఖాళీ.

ఆ క్షణంలో ఆమెకి చురుక్కుమంది. తన గదిలోకి ఎవరో తలుపు తట్టకుండా వెళ్ళి, దీపం వేసి, కుర్చీలో కూర్చున్నట్టు అనిపించింది. ఆమె ఆ నొప్పిని తోసెయ్యలేదు. ఉండమంది, చూసుకోమంది. అది కాసేపుండి, ఏమీ తోచక తనంతట తనే లేచిపోయింది. దాని వెనక వచ్చిందాన్ని ఏమనాలో ఆమెకి తెలియలేదు. బరువైన సంచీ దించాక భుజం కాసేపు గాల్లో తేలుతుందే, అది ఒళ్ళంతా పాకింది.

ఇక వాళ్ళని ఆపేవాళ్ళు లేరు. నేనంటే నేనని అందరూ వరస కట్టారు. నట్టు పెట్టడం, విప్పడం, మళ్ళీ పెట్టడం. చివరికి మేస్త్రి కూడా అందరినీ తప్పించుకుని ముందుకొచ్చాడు. మోకాళ్ళు పటపటమంటుండగా కూర్చుని, బొటనవేలితో గంటు వెతక్కుండానే తొందరపడి నెట్టేశాడు. టంగుమంది. మేస్త్రి ఎర్రబడ్డ మొహంతో అటూ ఇటూ చూశాడు.

"నియమం మేస్త్రీ" అన్నాడు పీపా.

"జారింది" అని గొణిగాడు మేస్త్రి.

"వినపడలేదు!"

"జారిందిరా, నీ చెవులు జార!" అని అరిచాడు. పగలబడి నవ్వుతూ అందరూ యంత్రాన్ని ఒరగబెట్టారు. ఆమె కూడా ఒక పక్క భుజం ఆనించింది.

మేస్త్రి నట్టు ఏరుకుని జేబులో వేసుకున్నాడు. "సరేనమ్మాయ్. ఇలాంటివి ఇంకో నాలుగు చేసిపెట్టు. అవి చేశాక కాదు, ముందు వెళ్ళి కిటికీ పక్కన కూర్చో. మాటంటే మాటే."

కిటికీ పక్కకి ఒక పాత యంత్రాన్ని దొర్లించుకొచ్చారు. ఆమె రోజంతా దాన్ని విప్పింది. పక్కరేకులు, బెల్టు, మోటారు, కుదుపు ఆపే బరువురాళ్ళు, డ్రమ్ము. బరువైనవి దించడానికి పీపా వచ్చి, దించి, జోకులేసి పోయాడు. నీళ్ళ తొట్టి కూడా లేచిపోయాక చట్రం ఒక్కటే మిగిలింది. కిటికీలోంచి ఎండ దాని మీద పడింది.

వెనక కింది మూలన ఆ బోల్టు రంధ్రం కనపడింది. ఆమె ఒంగి చూసింది. ఇన్నేళ్ళు వేళ్ళతో వెళ్ళివచ్చిన చోటు. ఆమె మనసులో అది ఒక గుహ. లోతుగా, చల్లగా, తనకి మాత్రమే దారి తెలిసిన చోటుగా ఉండేది. ఇక్కడున్నది జానెడు ఇనుము. రంగు వేసిన ఎవడో బద్ధకస్తుడి చేతిలోంచి కారిన చుక్క ఒకటి అక్కడే గడ్డకట్టి ఉంది. దాన్ని ఆమె వేళ్ళు ఎప్పటినుంచో ఎరుగును, ఏదో ముఖ్యమైన గుర్తు అనుకునేవి. రంగు మరకట!

"ఏంటి చెల్లీ, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?" అని పీపా అవతలినుంచి అరిచాడు.

"ఏం లేదన్నా. ఇక్కడ వెలుతురు బాగుంది" అంది. గుడ్డ తీసుకుని, చట్రం మీది పాత గ్రీజు ఒక కొసనుంచి తుడవడం మొదలుపెట్టింది.